పిల్లల ఫోనునకు వచ్చు చెడుసందేశములు – పెద్దల కర్తవ్యము

రాత్రి భోజనములు ముగిసినవి. ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక తండ్రి ఫోను చేత పట్టుకొని గోడ కానుకొని కూర్చున్నది. లెక్కల అభ్యాసము చూచి వ్రాసికొనుచున్నదని ఇంటివారి నమ్మిక. కొంతసేపటికి ఆమె ఫోనును చాప మీద బోర్లించి, "నిద్ర వస్తోంది" అని లేచిపోయినది. తల్లి వంటయింట గిన్నెలు కడుగుచున్నది. నాయనమ్మ మరునాటి పూజకు విభూతి భరణి సర్దుకొనుచున్నది. బాలిక ముఖము మారిన సంగతి ఎవరును గమనింపలేదు.

జరిగిన దేమనగా, తరగతి పిల్లలు పాఠముల కొరకు పెట్టుకొన్న వాట్సాప్ గ్రూపులో ఆ సాయంకాలము ఒక బాలుడు ఒక ఫోటో పంపినాడు. పాఠశాల వార్షికోత్సవమున నాట్యమాడిన సహాధ్యాయిని ఫోటో అది. దాని క్రింద ఇంటిలో నోట పలుకరాని మాట వ్రాసియున్నది. పదునేడుగురు నవ్వు గుర్తులు పెట్టిరి. ఫోను బోర్లించిన బాలిక గుర్తు పెట్టలేదు, వద్దనియు చెప్పలేదు. ఆ ఫోటోలోని అమ్మాయి ఆమె స్నేహితురాలు.

ఇది ఏ ఒక్క ఇంటి కథయు కాదు. ఎదుగుచున్న పిల్లలున్న ఏ యింటనైనను ఇట్టి సాయంకాలము ఎప్పుడో ఒకప్పుడు రాగలదు. కొత్తవారితో మాటలు వద్దని పెద్దలు పిల్లలకు చెప్పుచునే యున్నారు. ఆ హెచ్చరిక మంచిదే. కాని ఇచ్చట ఫోటో పంపినవాడు కొత్తవాడు కాడు. రోజూ ప్రక్క బల్ల మీద కూర్చుండువాడు. పండుగనాడు ఇంటికి వచ్చి పాయసము త్రాగి పోవువాడు. ఊరు పేరు తెలియని వాని నెంబరును ఒక్క మీటతో తొలగింపవచ్చును. సహాధ్యాయిని మాత్రము మరునాటి ఉదయము మరల చూడక తప్పదు. అందువలననే తోటివారి సందేశముల విషయమున పిల్లలకు నేర్పవలసిన పాఠము వేరు, పెద్దలు నేర్చుకొనవలసినది అంతకంటె వేరు.

ఫోను పిల్లల చేతికి వచ్చిన తీరు అందరికిని తెలిసినదే. 2020 మార్చిలో కరోనా కారణముగా పాఠశాలలు మూతపడినవి. ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్, టీశాట్ ద్వారా పాఠములు చెప్పసాగిరి. అభ్యాసములు, సందేహములు వాట్సాప్ గ్రూపులకు చేరినవి. పిమ్మట పాఠశాలలు తెరచిరి గాని గ్రూపులు మూయలేదు. నేడు అనేక తరగతులకు ఉపాధ్యాయుడున్న గ్రూపు ఒకటి, ఉపాధ్యాయుడు లేని గ్రూపు మరియొకటి యుండును. చెడుసందేశము వచ్చునది సాధారణముగా ఈ రెండవదానిలోనే. అందును చాల ఇండ్లలో ఆ ఫోను పిల్లలది కాదు, తండ్రిదో తల్లిదో. కావున కొన్ని మారులు ఆ ఫోటో మొదట పొలము గట్టున నున్న తండ్రి కంటనే పడును. అతడు కోపముతో ఇల్లు చేరునప్పటికి, ఏమి జరిగినదో బిడ్డకు ఇంకను తెలియనే తెలియదు.

పిల్లలు ఏల చెప్పరు? పెద్దలకు మొదట తోచు సమాధానము సిగ్గు. సిగ్గు ఉన్నమాట నిజమే. అంతకంటె బలమైన భయము మరియొకటి కలదు. చెప్పినచో ఫోను పోవును. ఫోను పోయినచో గ్రూపు పోవును, గ్రూపుతో స్నేహితులు, ఇంటిపని, రేపటి పరీక్ష సమాచారము అన్నియు పోవును. తప్పు చేసినవాడు ఒకడు, శిక్ష అనుభవించునది చూచిన బిడ్డ. పిల్లలు ఈ లెక్క చాల త్వరగా కట్టగలరు. దానిపై, "నువ్వేం చేశావని వాడు నీకు పంపాడు?" అను ప్రశ్న తప్పక వచ్చునని వారికి తెలియును. తోటివారిలో చాడీలకోరు అను పేరు వచ్చునను జంకు ఎట్లును ఉన్నది. నిత్యము ఇష్టలింగపూజ జరుగు ఇండ్లలో ఇంకొక సంకోచము తోడగును. ఇంత శుచిగల ఇంటిలో ఆ మాట పలుకుటయే పాపమని బిడ్డ అనుకొనును. ఆచారము బిడ్డ నోరు కట్టివేయుటకు ఏర్పడినది కాదని పెద్దలే ముందుగా చెప్పని యెడల, ఆ బిడ్డకు ఎవరు చెప్పగలరు?

కావున మొదటి పాఠము పెద్దలకే. బిడ్డ ఫోను తెచ్చి చూపిన ఆ నిమిషమున పెద్దలు ఏమి చేయుదురో దానిని బట్టి రెండవమారు బిడ్డ చూపునో లేదో తేలిపోవును. సాధారణముగా జరుగున దేమి? తండ్రి ఫోను లాగికొనును. తల్లి "ఎవడు వాడు? వాళ్ళ నాన్న ఎవరు?" అని గట్టిగా అడుగును. పెదనాన్న "అందుకే ఆడపిల్లకు ఫోను వద్దన్నాను" అనును. ఈ మూడు మాటలలో ఏ ఒక్కటియు బిడ్డను గూర్చినది కాదు. బిడ్డ చూపినది గాయము, పెద్దలు చూచినది పరువు.

మరి ఏమనవలెను? ఎక్కువ మాటలు అక్కరలేదు. "చూపించి మంచిపని చేశావమ్మా. ఇందులో నీ తప్పు లేదు. కూర్చో, ఏం చేద్దామో ఇద్దరం ఆలోచిద్దాం." అంతే. కోపము రాక మానదు. ఆ కోపము బిడ్డ ఎదుట కాక, దొడ్డిలోనికి పోయి తీర్చుకొని రావచ్చును. అటుపిమ్మట అడుగవలసినవి మెల్లగా అడుగవలెను: ఎప్పుడు వచ్చినది, నీ కొక్కదానికే పంపినాడా, గ్రూపులో పంపినాడా, ఇంతకు ముందును వచ్చినవా, నీవేమైన జవాబిచ్చితివా. చివరి ప్రశ్న అడుగునపుడు కంఠమున నింద ధ్వనింపరాదు. బిడ్డ జవాబిచ్చియుండవచ్చును, తానును ఒక నవ్వు గుర్తు పెట్టియుండవచ్చును. అది ఒప్పుకొనుటకు చోటు మిగిల్చిననే తక్కిన నిజము బయటికి వచ్చును.

ఈ మాట సంగతి జరిగిన నాడు మొదటిసారి చెప్పినచో చాలదు. ముందే చెప్పియుండవలెను. ఫోను చేతికిచ్చిన నాడే, "నీకు నచ్చనిది ఏదైనా వస్తే నాకు చూపించు. చూపించినందుకు ఫోను తీసుకోను. ఇది నా మాట" అని తండ్రి స్పష్టముగా చెప్పవలెను. చెప్పిన పిమ్మట నిలుపుకొనవలెను. ఒక్కమారు మాట తప్పినచో బిడ్డ మరల నమ్మదు. "ఫోనే లేకపోయిన ఈ గొడవ లేదు గదా" అను పెద్దలు కలరు. చిన్న పిల్లల విషయమున వారి మాటలో కొంత న్యాయమున్నది. వాట్సాప్ సంస్థయే తన సేవకు కనీస వయస్సు 13 ఏండ్లని నియమము పెట్టుకొన్నది. కాని పదునాలుగేండ్ల బిడ్డకు, చెడు చూచి చెప్పినందుకు ఫోను తీసివేయుట వేరు, చదువు వేళ, నిద్ర వేళ ఫోను ప్రక్కన పెట్టు నియమము వేరు. రెండవది క్రమశిక్షణ. మొదటిది దండన, అదియు తప్పు చేయనివారికి.

ఇక బిడ్డ చేయవలసినది. కోపములో జవాబు వ్రాయరాదు. తిట్టునకు తిట్టు వ్రాసిన మరుక్షణము ఆ తిట్టు కూడ ఎవరి ఫోనులోనో స్క్రీన్‌షాట్‌గా నిలిచిపోవును. మరునాడు తరగతిలో అదొక్కటే చూపుదురు. అట్లని మౌనముగా నుండుమనుటయు సరికాదు. పిల్లలకు ఒక సిద్ధవాక్యము కావలెను. పెద్దలు దానిని బిడ్డతో కలిసి కూర్చియుంచిన మేలు. "ఇలాంటివి నాకు పంపకు", "ఇది బాగాలేదు, తీసెయ్", "ఆమె చూస్తే ఎలా ఉంటుంది?" – ఇట్టివి చాలును. ఇవి నీతిబోధలు కావు. తోటివాడు తోటివానితో అనగల మాటలు. "ఇట్లు చేయుట ధర్మవిరుద్ధము" అని పదమూడేండ్ల బాలునిచే వ్రాయించినచో గ్రూపంతయు అతనినే నవ్వును. బిడ్డ తన భాషలో తానే మాట ఎంచుకొనవలెను, పెద్దలు విని సరిచూచిన చాలును. అంత మాట వ్రాయుటకును ధైర్యము చాలనిచో గ్రూపు నుండి తొలగిపోవుట తప్పు కాదు. వాట్సాప్‌లో ఎవరైన గ్రూపు విడిచిన సంగతి ఇప్పుడు అందరికిని చాటింపు వేయదు, నిర్వాహకులకు మాత్రమే కబురు పంపును. పిల్లలకు ఇది పెద్ద ఊరట.

వచ్చిన ప్రతి సందేశమును ఒకే త్రాసున తూచరాదు. మోటు హాస్యము ఒకటి. వయస్సు తెచ్చు తెలివితక్కువతనము అది, ఇంటిలో రెండు మాటలతో పోవును. ఒక బిడ్డ రంగును, లావును, కులమును, తండ్రి వృత్తిని పట్టుకొని నిత్యము చేయు గేలి మరియొకటి. ఇది ఒక్కనాటి మాటగా చూచిన చిన్నది, నెల దినములు సాగినచో బిడ్డ అన్నము మానును, బడి మానుటకు కడుపునొప్పి సాకు చెప్పును. ఇట్టివి వచ్చినపుడు తుడిచివేయక, తేదీ, సమయము కనబడునట్లు స్క్రీన్‌షాట్ తీసి ఉంచవలెను. తరగతి ఉపాధ్యాయునితో మాటాడునపుడు "మా వాడిని ఏడిపిస్తున్నారు" అను మాట కంటె ఆ నాలుగు స్క్రీన్‌షాట్లు ఎక్కువ పనిచేయును. పంపినవాడు తన ఫోనులో తుడిచిననూ ఇవి ఉండును గదా.

నగ్నముగ నున్న బొమ్మలు, అసభ్య చిత్రములు, అందును పిల్లల చిత్రములు వచ్చినపుడు మాత్రము నియమము తలక్రిందులగును. ఈ భేదము అనేక మంది తల్లిదండ్రులకు తెలియదు. తెలియకపోవుట వలన మంచి ఉద్దేశముతోనే పెద్ద పొరపాటు చేయుచున్నారు. ఒక తండ్రి అట్టి చిత్రమును చూచి ఉడికిపోయి, సాక్ష్యముగా ప్రధానోపాధ్యాయునికి పంపును. తల్లి తన అక్కకు పంపి "చూశావా ఎంత ఘోరమో" అనును. మేనమామ తన మిత్రుడైన న్యాయవాదికి పంపును. సాయంకాలమునకు ఒక ఫోనులో నున్న చిత్రము నాలుగు ఫోనులకు చేరినది. ఆ చిత్రములోని బిడ్డకు కీడు నాలుగింతలైనది. పంపిన ప్రతివారును చట్టము దృష్టిలో నేరము అంచున నిలిచిరి.

సమాచార సాంకేతిక చట్టము 2000 లోని 67బి విభాగము పిల్లలను అశ్లీలముగ చూపు చిత్రములను పంచుట, వెదకుట, దించుకొనుట అన్నింటిని నేరముగా పేర్కొనుచున్నది. మొదటి నేరమునకే 5 సంవత్సరముల వరకు చెరసాల, 10 లక్షల రూపాయల వరకు జరిమానా. 2012 నవంబరు 14 నుండి అమలులో నున్న పోక్సో చట్టము 18 ఏండ్లు నిండని వారందరిని పిల్లలుగా పరిగణించును. అట్టి చిత్రములను తుడువక, అధికారులకు తెలుపక దాచియుంచుటను గూర్చి అందులో 15వ విభాగము కలదు. 2024 సెప్టెంబరు 23 న సుప్రీంకోర్టు ఈ విభాగమును విపులముగా వ్యాఖ్యానించి, చూచుటకై దాచుకొనుటయు చిన్న విషయము కాదని తేల్చినది. అంతేగాక, ఇట్టి చిత్రములను ఏదో వినోద వస్తువు వలె వ్యవహరించు పాత పేరును విడిచి, పిల్లలపై దోపిడీ, అత్యాచారములకు సంబంధించినవిగా పేర్కొనవలెనని సూచించినది. పేరు మార్చిన మాత్రమున నేమి యని అనువారుండవచ్చును. కాని పేరు మారిన చూపు మారును. ఆ చిత్రములో నున్నది ఒక బిడ్డ.

మరి ఆ చిత్రము వచ్చిననాడు చేయవలసిన దేమి? ఎవరికిని పంపరాదు. స్క్రీన్‌షాట్ తీయరాదు. పంపినవాని నెంబరు, గ్రూపు పేరు, తేదీ, సమయము కాగితము మీద వ్రాసికొనవలెను. వాట్సాప్‌లోనే ఆ సందేశమును రిపోర్టు చేయు మీట యున్నది. రిపోర్టు చేసినపుడు పంపినవానికి ఆ సంగతి తెలియదు. పిమ్మట ఆ ఫోనునే చేత పట్టుకొని పోలీసువారి వద్దకు పోవలెను. తుడువవలెనా, ఉంచవలెనా అనునది వారి మాట ప్రకారము చేయవలెను. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వపు వెబ్‌సైటులో మహిళలకు, పిల్లలకు సంబంధించిన నేరములను పేరు చెప్పకుండనే ఫిర్యాదు చేయు సదుపాయము కలదు. 1098 నెంబరునకు ఫోను చేసిన, పిల్లల సహాయవాణివారు రాత్రింబవళ్ళు పలుకుదురు. ఆ నెంబరును పిల్లలే స్వయముగా పిలువవచ్చునను సంగతి పిల్లలకు చెప్పియుంచుట మేలు. పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసిన ఏ పెద్దయైనను పోలీసులకు తెలుపవలెనని పోక్సో చట్టములోని 19వ విభాగము నియమించుచున్నది. "మన ఊరి మాట మనలోనే తేల్చుకొందము" అను పెద్దమనుషుల పంచాయితీకి ఇచ్చట తావు లేదు.

పోలీసు అను మాట వినగానే తల్లుల గుండె ఝల్లుమనును. బిడ్డను ఠాణాలో కూర్చుండబెట్టుదురేమో, ఊరంతయు తెలియునేమో అని. పోక్సో చట్టము ఈ భయమును ఊహించియే యున్నది. బిడ్డ వాఙ్మూలమును ఇంటివద్దనో బిడ్డ కోరిన చోటనో తీసికొనవలెను. సాధ్యమైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళాధికారి, యూనిఫారము లేకుండ రావలెను. ఏ కారణము చేతను బిడ్డను రాత్రివేళ ఠాణాలో ఉంచరాదు. బిడ్డ పేరు, ఊరు, పాఠశాల పత్రికలలో వెల్లడి కారాదు. ఈ హక్కులు తెలిసిన తల్లి ఠాణాకు పోవునపుడు తల వంచుకొని పోనక్కరలేదు.

అన్నింటికంటె కఠినమైన ఘట్టము ఇంకొకటి. బిడ్డ తానే ఫోటో పంపియుండుట. స్నేహమను పేరుతోనో, "నన్ను నమ్మవా" అను మాటతోనో ఒకడు అడిగినాడు, బాలిక పంపినది. ఇప్పుడు వాడే మరియొకటి పంపుము, లేనియెడల ఇది అందరికిని చూపుదునని బెదిరించుచున్నాడు. బాలురకును ఈ ఉచ్చు తప్పదు. వారు ఇంకను తక్కువగా చెప్పుకొందురు. ఈ స్థితిలో నున్న బిడ్డ రాత్రియంతయు ఒంటరిగా ఫోను చూచుచు మేలుకొనును. ప్రాణము తీసికొను తలంపు వరకు పోవచ్చును. ఇట్టి నాడు ఏల పంపితివను ప్రశ్న అడుగనే అడుగరాదు. దాని కొక దినము వచ్చును, అది ఈ దినము కాదు. రెండవ ఫోటో పంపరాదు, డబ్బు ఇయ్యరాదు, బెదిరించినవానితో బేరమాడరాదు. ఈ బెదిరింపు మాటలలో చిత్రము లేనిచో వానిని స్క్రీన్‌షాట్ తీసి ఉంచవచ్చును. ఆ పిమ్మట పైన చెప్పిన దారినే ఫిర్యాదు. ఆ రాత్రి బిడ్డను ఒంటరిగా పడుకొననీయరాదు.

పంపిన ఫోటో వెలికి పోకుండ ఆపుటకు ఒక ఉపాయము కూడ నున్నది. 18 ఏండ్లలోపు వారి కొరకు టేక్ ఇట్ డౌన్ అను ఉచిత సేవను అమెరికాలోని పిల్లల రక్షణ సంస్థ యొకటి నడపుచున్నది. ఇందులో ఫోటో ఎవరికిని పంపనక్కరలేదు. ఫోనులోనే ఆ ఫోటోకు వ్రేలిముద్ర వంటి ఒక సంకేతము తయారగును. ఆ సంకేతమును బట్టి ఒప్పందములో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి సంస్థలు ఆ ఫోటోను గుర్తించి తొలగించును. చేరని చోట్ల ఇది పనిచేయదు, అయినను చేయదగినదే. నేడు ముఖము ఒకరిది, శరీరము మరొకరిదిగా యంత్రము కల్పించు బొమ్మలును వచ్చుచున్నవి. అది నా దేహము కాదు గదా, ఎవరు నమ్ముదురని బిడ్డ ఊరకుండరాదు. నిజమైన బిడ్డ వలెనే కనబడు కల్పిత చిత్రములను సైతము 2019 సవరణతో పోక్సో చట్టము తన పరిధిలోనికి తెచ్చుకొన్నది.

ఫోనులో చేయదగిన చిన్న మార్పులు కొన్ని కలవు, వీనికి పది నిమిషములు చాలును. వాట్సాప్ సెట్టింగులలో ప్రైవసీ అను చోట, గ్రూపులలో చేర్చు అధికారము తెలిసినవారికి మాత్రమే ఉండునట్లు పెట్టవచ్చును. వచ్చిన ఫోటోలు తమంతట తాము దిగకుండ ఆపవచ్చును. అట్లు ఆపినచో నాయనమ్మ మనుమరాలి పుట్టినరోజు ఫోటోలు చూచుచుండగా నడుమ ఎవడో పంపిన పాడుబొమ్మ ప్రత్యక్షము కాదు.

ఇప్పుడు ఆ ఫోటో పంపిన బాలుని సంగతి. బాలిక ఇంటివారికి వాడు దుర్మార్గుడు. కాని వానికిని పదమూడేండ్లే. వాని తండ్రికి ఈ సంగతి తెలిసిననాడు బెల్టు తీయును. ఊరివారు సెబాసు అందురు. దెబ్బలు తిన్న బాలుడు నేర్చుకొనునది, ఈసారి దొరకకుండ చేయుట. చట్టము కూడ వానిని పెద్ద నేరస్థుల నడుమ నిలుపదు. 2015 నాటి బాల న్యాయ చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివాడు బాల న్యాయ మండలి ఎదుటికి వచ్చును, వాని పేరును వెల్లడి చేయరాదు. ఆ మండలి చూచునది దండించుటకంటె దిద్దుట. ఇల్లును పాఠశాలయు ఆ పని ముందే చేయగలిగిన ఇంకను మేలు. ఆ ఫోటోను వాడు తుడువవలెను. గ్రూపులో తప్పు ఒప్పుకొనవలెను. బాలికకు పెద్దల సమక్షమున, ఆమె ఒప్పుకొన్ననే, క్షమాపణ చెప్పవలెను. ఆమె వాని ముఖము చూడనన్నచో బలవంతము చేయరాదు. "పాపం పిల్లవాడు, వదిలెయ్యమ్మా" అని ఆమెను ఒప్పించు పెద్దరికము రెండవ గాయము.

వాడు ఆ మాట ఎచ్చట నేర్చెను? ఈ ప్రశ్న పెద్దలకు రుచింపదు. అనేక కుటుంబముల గ్రూపులలో ఉదయము దేవుని పటము, మధ్యాహ్నము ఆడువారి మీద మోటు పరిహాసము వచ్చును. బావమరది పంపును, బావ నవ్వు గుర్తు పెట్టును. ఆ ఫోనే సాయంకాలము పిల్లవాని చేతికి పోవును. లెక్కల అభ్యాసమునకు ముందు వాడు దానిని చూడక మానునా?

పదునేడు నవ్వు గుర్తులను గూర్చియు చెప్పవలెను. ఫోటో పంపినవా డొక్కడే. వాని వెనుక పదునేడుగురు లేనిచో ఆ పరిహాసము రెండు నిమిషములలో చల్లారియుండెడిది. వారిలో సగము మంది నవ్వలేదు. నవ్వకున్న తమ మీదికి వచ్చునని గుర్తు మాత్రము పెట్టిరి. పంచాచారములలో గణాచారమును గూర్చి పెద్దలు పిల్లలకు చెప్పునపుడు, గణములో జరుగు అపచారమును చూచి ఊరకుండరాదను అర్థమును వివరింతురు. పిల్లలకు ఆ మాట పురాణకథగా మిగిలిపోవుచున్నది. వారి గణము నేడు ఆ ముప్పదిమంది గ్రూపు. ఒక్కడు "తీసెయ్" అన్నచో రెండవవానికి ధైర్యము వచ్చును. అంతయు అనలేని పిల్ల ఆ ఫోటోలోని అమ్మాయికి వేరుగా, "నేను చూశాను. నాకు నచ్చలేదు. రేపు కలిసి బడికి వెళ్దాం" అని ఒక్క మాట వ్రాయగలదు. గ్రూపులో చేయు వాదము కంటె ఆ మాట ఆమెకు ఎక్కువ బలమిచ్చును.

మఠములకు అనుబంధముగా నడచు వసతిగృహములలో ఫోను నిషిద్ధము గదా, ఈ బాధ అచ్చట లేదని నిర్వాహకులు తలంపవచ్చును. వసతిగృహమున నున్న బాలుడు దసరా సెలవులకు ఇల్లు చేరి అన్నగారి ఫోను తెరచును. మూడు నెలల గ్రూపు సందేశములు ఒక్క రాత్రి చదువును; తన్ను గూర్చి వ్రాసినవి అందులో నుండును. సెలవులు ముగిసి మరల వచ్చునప్పటికి ఆ బాలుడు వేరు. మాటాడుటకు వసతిగృహమున తల్లి లేదు, నాయనమ్మ లేదు. సెలవుల పిమ్మట వచ్చిన మొదటి వారమున ప్రతి పిల్లవానితో విడిగా పది నిమిషములు కూర్చుండు పెద్ద ఒకరుండవలెను. ఆ పెద్ద హాజరు వ్రాయువాడు, దండించువాడు కాకున్న మరింత మేలు.

ఆ రాత్రి చాప మీద బోర్లించిన ఫోను తెల్లవారువరకు అచ్చటనే యుండలేదు. బాలికకు నిద్ర పట్టలేదు. నడిరేయి లేచిన నాయనమ్మ అది కనిపెట్టి, "ఏమ్మా, పడుకోలేదా? ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని ప్రక్కన కూర్చున్నది. బాలిక ఆమెకే చెప్పినది. నాయనమ్మకు ఫోను చదువుట రాదు, లాగికొనదు, దాని తండ్రి ఎవడని అడుగదు. అందువలననే ఆమెకు చెప్పగలిగినది కాబోలు. ఆమె అంతయు విని, "ఆ పిల్ల ఇల్లు ఎక్కడ?" అని అడిగినది. తెల్లవారిన పిమ్మట తల్లికి చెప్పినది. తల్లి స్నానము కాకమునుపే తరగతి ఉపాధ్యాయురాలికి ఫోను చేసినది. ఎనిమిది గంటలకు ఇరువురును స్నేహితురాలి ఇంటికి పోయిరి. ఆమె బడికి రానని తలుపు వేసికొని పడుకొన్నది. బాలిక తలుపు బయటనే కూర్చుండి, "నేను నవ్వు గుర్తు పెట్టలేదే. కానీ ఏమీ అనలేదు కూడా. ఇవాళ అంటాను, వస్తావా?" అన్నది. చాలసేపటికి తలుపు గడియ తీసిన చప్పుడైనది.